వార్తల్లో పదం: అన్‌రిస్ట్రిక్టెడ్ ఫైల్ అప్‌లోడ్

స్కాలర్‌షిప్ కోసం పుల్లలచెరువు విద్యార్థి తన ఫొటో, కుల ధ్రువపత్రం ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాడు. ఫొటో అడిగిన చోట ఎవరైనా ప్రోగ్రామ్ ఫైలు పెట్టినా వెబ్‌సైట్ తీసుకుని నడిపేస్తే? ఆ లోపమే అన్‌రిస్ట్రిక్టెడ్ ఫైల్ అప్‌లోడ్.

అలా చొరబడి, దూరం నుంచే సర్వర్‌కు ఆదేశాలిచ్చే వీలు కల్పించే ఫైలును వెబ్‌షెల్ అంటారు. 2020 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ ‘ఫైల్ మేనేజర్’ ప్లగిన్‌లో ఇదే జరిగింది. దాడికి లాగిన్ కూడా అక్కర్లేకపోయింది! అప్పటికి 7 లక్షలకు పైగా సైట్లు దాన్ని వాడుతున్నాయి. 6.9 వెర్షన్‌తో సరిచేశారు. 2025 ఏప్రిల్‌లో శాప్ సంస్థ సాఫ్ట్‌వేర్ నెట్‌వీవర్‌లో బయటపడ్డ ఇలాంటి లోపానికి తీవ్రత 10కి 10.

ఫైలు పేరు చివర ‘జేపీజీ’ ఉందని నమ్మేయడం నిర్లక్ష్యమే. సర్వర్ ఫైలు లోపలి రూపాన్ని పరీక్షించాలి, పేరు మార్చాలి, ప్రోగ్రామ్‌లు నడవని చోట దాచాలి. బ్రౌజర్‌లో మాత్రమే పెట్టిన తనిఖీని తప్పించుకోవడం చాలా తేలిక.