భూమిలో పాతిన కర్ర ఎంతకాలం నిలుస్తుంది?

పశువుల పాకలో గుంజలను మీరు చూసే ఉంటారు. పైకి గట్టిగా కనిపించే గుంజ నేలమట్టం దగ్గర పుచ్చి విరిగిపోతుంది. ఎందుకు? కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు తేమ, గాలి రెండూ కావాలి. నేలమట్టం దగ్గర ఆ రెండూ దొరుకుతాయి. చెదలు కూడా నేలలోనుంచే వస్తాయి.

అన్ని కలపలూ ఒకే కాలం నిలవవు. దీన్ని తెలుసుకోవడానికి డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ కర్రముక్కలను సగం వరకు భూమిలో పాతి పరీక్షించింది. ముక్క పొడవు 60 సెం.మీ., వెడల్పు, మందం 5 సెం.మీ. చొప్పున ఉంటాయి. ముక్కలు సగటున నిలిచిన కాలాన్ని బట్టి కలపను మూడు తరగతులుగా విభజించారు.

మొదటి తరగతి: 120 నెలలు, ఆపైన. ఉదా: టేకు.
రెండవ తరగతి: 60 నుంచి 120 నెలల లోపు.
మూడవ తరగతి: 60 నెలల లోపు. ఉదా: మామిడి, బూరుగు.

ఈ తేడాకు కారణం ఏమిటి? చెట్టు ముదిరేకొద్దీ కాండం మధ్యభాగంలోని కణాలు చనిపోతాయి. వాటిలో కొన్ని రసాయన పదార్థాలు చేరతాయి. ఈ భాగమే చేవ. టేకు చేవలోని పదార్థాలు శిలీంధ్రాలను, చెదలను అడ్డుకుంటాయి. ఈ పదార్థాల రకం, మోతాదు చెట్టును బట్టి మారతాయి.

చేవ చుట్టూ, బెరడు లోపల ఉండే లేతరంగు భాగాన్ని రసదారువు అంటారు. దీనిలో ఆ రక్షణ ఉండదు. అందువల్ల టేకు రసదారువు కూడా త్వరగా పుచ్చిపోతుంది. లేత టేకు గుంజలో ఈ భాగమే ఎక్కువ. కాబట్టి గుంజ కొనేటప్పుడు పేరు ఒక్కటే అడిగితే చాలదు. కోసిన చివరను చూసి చేవ ఎంత ఉందో గమనించండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: రెండు గుంజలూ టేకువే. ఒకటి త్వరగా పుచ్చిపోయింది. కారణం ఏమై ఉంటుంది?