నల్లకోటుకు ఓపికే అర్హత!

ఇంజినీరు... కాకపోతే డాక్టరు... అదీ కాకపోతే సర్కారు కొలువు! పిల్లల చదువుల గురించి మాట మొదలైతే చాలా ఇళ్లలో ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. 'లా చదువుతా' అని ఎవరైనా అన్నారో... 'వాయిదాలు తిరిగితే అన్నం దొరుకుతుందా?' అన్న ప్రశ్న సిద్ధం. అడగాల్సిన ప్రశ్నే అది. జవాబు తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి.

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉంది ఓడలరేవు. ఒకపక్క చేపలవేట, మరోపక్క ఓఎన్‌జీసీ టెర్మినల్. ఇలాంటి తీరగ్రామంలో చట్టంతో పని అడుగడుగునా ఉంటుంది. కడలి ఒడ్డున ఇల్లు కట్టాలంటే, పోటు గీత నుంచి 500 మీటర్ల వరకూ వర్తించే తీరప్రాంత నిబంధనలు చూసుకోవాలి. భూమి సేకరిస్తామంటే పరిహారం లెక్కలు తెలియాలి. వేటకెళ్లినవారికి ఏదైనా జరిగితే బీమా కాగితాలు చదివి చెప్పేవారు కావాలి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ప్లీడర్లయితే, కక్షిదారు నోరు విప్పకముందే సగం కేసు అర్థమవుతుంది!

మేజిస్ట్రేటు కొలువు వదిలి...

ఇదే కోనసీమలోని ఎదుర్లంకలో 1951లో సామాన్య రైతు కుటుంబంలో పుట్టారు జీఎంసీ బాలయోగి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివి, 1980లో కాకినాడలో ఓ సీనియర్ దగ్గర ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. ఎవరైనా ఎగిరి గంతేసే ఉద్యోగం. ఆయన మాత్రం దాన్ని వదులుకుని మళ్లీ నల్లకోటే వేసుకున్నారు. తర్వాత జడ్పీ ఛైర్మన్ అయ్యారు, ఎంపీ అయ్యారు. 1998లో లోక్‌సభ స్పీకర్ పీఠమెక్కిన తొలి దళితుడిగా నిలిచారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. లా చదివినవాళ్లంతా స్పీకర్లు కాలేరు. కానీ, వెనక ప్లీడర్ల వంశం లేకపోయినా ఈ వృత్తిలో నిలబడొచ్చని చెప్పే దాఖలా మాత్రం ఆ ఊళ్లోనే ఉంది.

దారి ఇదీ

ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు. రెండింటికీ లాసెట్ రాయాలి. విశాఖలోని దామోదరం సంజీవయ్య, హైదరాబాద్‌లోని నల్సార్ లాంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో అయిదేళ్ల కోర్సుకైతే క్లాట్ రాయాలి. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఒకప్పుడు దీనికి వేలకు వేలు కట్టాల్సి వచ్చేది. 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆపైన అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కాలి.

అసలు పరీక్ష ఆ తర్వాతే!

సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి రెండుమూడేళ్లు ఫైళ్లు మోయడం, వాయిదాలు రాసుకోవడం, వాదనలు వినడం. చేతికొచ్చేది అంతంతమాత్రం. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచనే, నిర్బంధం కాదు. ప్రాక్టీసు చేస్తూ మరోచోట నెలజీతానికి పనిచేయడం నిబంధనలు ఒప్పుకోవు. పోనీ నేరుగా జడ్జి పరీక్ష రాద్దామన్నా, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే ఫీజుల కంటే ముందు ఆ మూడేళ్ల ఇంటి ఖర్చు లెక్కేసుకోవాలి. ఆ కాస్త ఆసరా ఇంట్లోవాళ్లు ఇవ్వగలిగితే భయపడాల్సిన పనిలేదు.

చివరిగా ఓ చిన్న పరీక్ష. మీ అబ్బాయో అమ్మాయో లా చదువుతానంటే, దరఖాస్తు పెట్టేముందు ఒకరోజు అమలాపురం కోర్టుకు తీసుకెళ్లండి. వెనక బెంచీలో కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చి 'బాబోయ్, అన్నీ వాయిదాలే' అంటే వేరే దారి చూసుకోవచ్చు. 'నాన్నా, ఆ ముసలమ్మ కేసు ఏమవుతుందంటావ్?' అని అడిగితే మాత్రం... ఇక ఆలోచించకండి!