ఉతికే యంత్రం ఎందుకు అరుస్తుంది?

మీ ఇంట్లో బట్టలు ఉతికే యంత్రం ఉన్నదా? ఉతుకుతున్నంతసేపూ అది బుద్ధిగానే ఉంటుంది. పిండే సమయం రాగానే దడదడమంటూ నేలమీద నడక మొదలుపెడుతుంది! "పాడైంది, మెకానిక్కును పిలవండి" అంటారు పెద్దలు. తెనాలిలోనో, బాపట్లలోనో అయితే అతను సాయంత్రానికి రావచ్చు. రేపల్లె దాటి కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళకైతే ఆలస్యం కావచ్చు. ఈలోగా మీరు చెవులు రిక్కించి వినండి. పూర్వం రైల్వేలో చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగుళ్ళు కనిపెట్టేవారు. ఇదీ అలాంటి విద్యే.

చప్పుడు పిండేటప్పుడు మాత్రమే వస్తోందా? అయితే చాలాసార్లు అది జబ్బు కాదు. బట్టలు ఒకవైపుకు చేరాయన్నమాట. డ్రమ్ము వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 700 చుట్లు అనుకుందాం. ఒక పక్క 1 కిలో తడిబట్ట ఎక్కువగా ఉంటే అది డ్రమ్మును బయటికి లాగే బలం సుమారు 1,075 న్యూటన్లు. అంటే దాదాపు 110 కిలోల బరువు! ఒకటిన్నర ధాన్యం బస్తా సెకనుకు పన్నెండుసార్లు దిక్కు మార్చుకుంటూ లాగుతోందన్నమాట. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగురెట్లవుతుంది. ఒంటరిగా వేసిన దుప్పటి చేసే అల్లరి ఇదే. యంత్రాన్ని ఆపి, బట్టలను చుట్టూ సమంగా సర్దండి.

మరొక వింత చూడండి. వేగం అందుకునేటప్పుడు యంత్రం బాగా ఊగి, పూర్తి వేగం వచ్చాక కుదుటపడుతుంది. ఆగబోయే ముందు మళ్ళీ ఊగుతుంది. ఎందుకు? డ్రమ్మును మోసే స్ప్రింగులకు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. డ్రమ్ము సెకనుకు తిరిగే చుట్ల సంఖ్య దానితో సమానమైనప్పుడు ఊపు పెరుగుతుంది. దీన్నే అనునాదం అంటారు. ఊయలను సరైన క్షణంలో తోయడం మీకు తెలిసినదే కదా!

బట్టలు సర్దినా మోత తగ్గలేదా? నేలను చూడండి. మన పెరళ్ళలో, స్నానాలగదుల్లో నీరు తూముకు పోవడానికి నేలను వాలుగా కడతారు. అక్కడ యంత్రం మూడు కాళ్ళమీదే నిలుస్తుంది. మూలలు నొక్కితే కదులుతుంది. తాపీమేస్త్రీ రసమట్టం పైన పెట్టి, కాళ్ళ మరలు తిప్పి సరిచేయాలి. ముందు తలుపు ఉండే యంత్రం కొత్తదైతే, రవాణా కోసం వెనుక బిగించిన బోల్టులు తీశారో లేదో పెద్దలను అడగండి.

ఇక అసలు జబ్బు. ప్లగ్గు పీకి, ఖాళీ డ్రమ్మును చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగు పోయినట్లే. సీలు అరిగి నీరు లోపలికి దిగితే గ్రీజు పోయి, గుండ్లు తుప్పు పడతాయి. ఇది మెకానిక్కు పని. ఉపేక్షిస్తే ఇరుసు కూడా అరుగుతుంది. అప్పుడు ఖర్చు చాలా ఎక్కువ. టకటకమంటే జేబులోని నాణెమో, పిన్నీసో అయి ఉండవచ్చు.

బాపట్ల దగ్గర సూర్యలంక వైపు ఇళ్ళల్లో ఉప్పుగాలికి యంత్రం అడుగురేకు తుప్పు పడుతుంది. అడుగున వదులైన రేకు కూడా మోత చేస్తుంది. దాన్ని తాకేముందు ప్లగ్గు తీయడం మరువకండి. ఎర్తు లేని ప్లగ్గు, తడినేల కలిస్తే ప్రాణానికే ముప్పు.

రెండు తొట్ల యంత్రంలో పిండే తొట్టి మూత ఎత్తగానే బ్రేకు పడి కొద్ది క్షణాల్లో ఆగాలి. కీచుమంటూ తిరుగుతూనే ఉంటే బ్రేకు చెడిందన్నమాట. అది పూర్తిగా నిలిచేదాకా చెయ్యి పెట్టకండి. తిరిగే తడిబట్ట వేళ్ళకు చుట్టుకుంటే ఎముక విరిగిపోగలదు.