వేలిముద్ర వెనుక చిప్... చిప్ ముందు కాపలా

గుంటూరు: ఖరీఫ్ పదునులో యూరియా కట్ట కోసం ఎరువుల దుకాణానికి వెళ్లిన పత్తి రైతు చాలాచోట్ల డబ్బు తీయడానికి ముందే యంత్రంపై వేలు పెట్టవలసి వస్తోంది. ఎరువుల రాయితీని అమ్మకంతో ముడిపెట్టిన విధానం 2018 మార్చి నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. ఈ-పోస్ యంత్రంలో అమ్మకం నమోదైతేనే కంపెనీకి రాయితీ సొమ్ము విడుదలవుతుంది. రేషను దుకాణంలోనూ వేలిముద్రే ఆధారం. ముద్ర సరిపోయిందని యంత్రం చెబితే 45 కిలోల కట్ట చేతికి వస్తుంది. లేదంటే రైతు మళ్లీ వరుసలో నిలబడవలసిందే.

మరి ఆ యంత్రం చెప్పేది నమ్మదగినదేనా? వేలు పెట్టకుండానే, ఎప్పుడో దాచుకున్న ముద్రను సాఫ్ట్‌వేర్ ద్వారా లోపలికి పంపితే ఆ రైతు పేరుతో సరుకు మరొకరికి పోదా? ఈ అనుమానం నుంచే ‘రిజిస్టర్డ్ డివైస్’ విధానం పుట్టింది. ఆధార్ ప్రాధికార సంస్థ 2017లో దీనిని తప్పనిసరి చేసింది. వేలిముద్రను తీసిన పరికరమే దానిని రహస్య సంకేతంగా మార్చి, తన గుర్తింపు సంతకం చేర్చి పంపాలన్నది నియమం. ఇందులో రెండు స్థాయులున్నాయి. ఎల్0 స్థాయిలో ఆ సంతకం మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది. ఎల్1 స్థాయిలో చిప్‌లోని రక్షిత భాగంలో జరుగుతుంది. సంతకానికి వాడే తాళంచెవి ఆ భాగం దాటి బయటకు రాదు. యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ సైతం దానిని చూడలేదు. అందుకే ఎల్0 యంత్రాల స్థానంలో ఎల్1 యంత్రాలు వాడాలని సంస్థ నిర్దేశించింది.

చిప్ ఎంత పటిష్ఠమైనదైనా దానితో మాట్లాడేందుకు ఒక మధ్యవర్తి కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో యంత్రభాగాలన్నింటినీ అదుపు చేసే మూల భాగాన్ని కెర్నల్ అంటారు. అందులో ఒక్కో పరికరానికి ఒక్కో చిన్న ప్రోగ్రాము ఉంటుంది. అదే డ్రైవర్. మిర్చి రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. ధర లేనప్పుడు టిక్కీలను శీతల గిడ్డంగిలో పెట్టి రసీదు తీసుకుంటాడు. చలి గదిలోకి తాను వెళ్లడు. గుమస్తా చీటీ లోపలికి పంపుతాడు, సరుకు బయటకు వస్తుంది. డ్రైవర్ ఆ గుమస్తా వంటిది. గది ఎంత భద్రంగా ఉన్నా గుమస్తా అజాగ్రత్తగా ఉంటే సరుకుకు భరోసా లేదు.

తెలుగు పేరున్న డ్రైవర్

ఈ గుమస్తాను ఎలా పరీక్షిస్తారో తెలుసుకోవడానికి, అందరికీ అందుబాటులో ఉన్న లినక్స్ కెర్నల్‌లోని ఒక డ్రైవర్‌ను పరిశీలించవచ్చు. ఈ-పోస్ యంత్రాలలో ఇదే ఉందని కాదు గానీ సూత్రం ఒకటే. ‘ఎఫ్‌టీపీఎం’ అనే భద్రతా వ్యవస్థ కోసం మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన డ్రైవర్ 2019 నవంబరులో వెలువడిన లినక్స్ 5.4లో చోటుచేసుకుంది. ఆ ఫైలులో రచయితగా నమోదైన పేరు తిరుపతయ్య అన్నపురెడ్డి. దానిని లినక్స్ నిర్వాహకుల ముందు పెట్టి, అభ్యంతరాలకు జవాబిచ్చి, పలుమార్లు సవరించిన వ్యక్తి అదే సంస్థకు చెందిన సాషా లెవిన్.

టీపీఎం అంటే తాళంచెవులను దాచి, సంతకాలు చేసిపెట్టే భద్రతా చిప్. దాని కోసం విడిగా చిప్ అమర్చకుండా, సెల్‌ఫోన్లలో ఉండే ఏఆర్ఎం ప్రాసెసర్‌లోని ‘ట్రస్ట్‌జోన్’ అనే రక్షిత ప్రాంతంలోనే ఆ పని చేయించడం ఎఫ్‌టీపీఎం ప్రత్యేకత. అడిగేవారికీ రక్షిత ప్రాంతానికీ మధ్య కొంత మెమరీ ఉమ్మడిగా ఉంటుంది. డ్రైవర్ అభ్యర్థనను అందులో రాస్తుంది, జవాబును అక్కడి నుంచే చదువుతుంది.

కోడ్ నాలుగు వందల వరుసలకు మించదు. పరిశీలకుల దృష్టి మాత్రం కొన్ని వరుసల మీదే ఎక్కువగా నిలుస్తుంది. అభ్యర్థనకైనా జవాబుకైనా 4,096 బైట్ల జాగా ఉంటుంది. వచ్చిన జవాబు తన పొడవు ఎంతో తానే చెప్పుకుంటుంది. ఆ అంకెను నమ్మి అంత మేరా నకలు చేస్తే ప్రమాదం. గదిలోంచి వచ్చిన చీటీ మీద ‘నలభై టిక్కీలు’ అని ఉందనుకుందాం. ముప్పై టిక్కీలు పట్టే జాగాలో నలభై దించమంటే మిగిలిన పది పక్క రైతు సరుకు మీద పడతాయి. కెర్నల్‌లో పక్కనున్నది మరో ప్రోగ్రాముకు చెందిన మెమరీ. దానిని చెరపగలిగిన దుండగుడు మొత్తం యంత్రాన్నే వశం చేసుకోగలడు. అందుకే ఈ డ్రైవర్ జవాబు పొడవును 4,096తో పోల్చి, మించితే తిరస్కరిస్తుంది. అడిగినవారు చూపిన జాగా చాలకపోయినా తిరస్కరిస్తుంది. లోపలున్నది నమ్మకమైన చిప్పే కదా, దానిని అనుమానించడం దేనికని కొత్తవారు అడుగుతుంటారు. చిప్‌లోనూ లోపాలుంటాయి. చిప్‌కూ కెర్నల్‌కూ మధ్య తీగలను తాకగలిగినవాడూ ఉంటాడు.

రెండో పరీక్ష సర్దుబాటుకు సంబంధించినది. మధ్యలో ఏదైనా విఫలమైతే అంతవరకు తీసుకున్నదంతా తీసుకున్న క్రమానికి ఎదురుగా వదిలిపెట్టాలి. వినడానికి చిన్న సంగతే. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది మాత్రం ఇక్కడే. ఈ డ్రైవర్‌కూ ఆ అనుభవం తప్పలేదు. ఒక కెర్నల్ నుంచి మరో కెర్నల్‌కు నేరుగా మారే సమయంలో ఉమ్మడి మెమరీని వదిలిపెట్టడం లేదని 2021లో సరిదిద్దారు. కొత్త కెర్నల్ ఆ జాగాను ఖాళీదనుకుని వాడుకుంటుంది. రక్షిత ప్రాంతం మాత్రం అది ఇంకా ఉమ్మడిదే అనుకుంటుంది. ఇంతమంది చూసిన కోడ్‌లోనే రెండేళ్ల తర్వాత ఇది బయటపడింది.

డ్రైవర్ సరైనదైనా...

కోడ్‌ను ఎంత చదివినా తెలియని లోపాలూ ఉన్నాయి. జర్మనీకి చెందిన ఇన్ఫినియన్ చిప్‌లలో తాళంచెవులు తయారయ్యే పద్ధతే బలహీనమైనదని 2017లో పరిశోధకులు వెల్లడించారు. వాటిని వాడిన ఎస్టోనియా దేశం సుమారు 7,60,000 గుర్తింపు కార్డుల ధ్రువీకరణలను నిలిపివేయవలసి వచ్చింది. డ్రైవర్ దోషం అందులో ఏమీ లేదు. ఏఎండీ ప్రాసెసర్లలోని ఎఫ్‌టీపీఎం వ్యవహారం మరో రకం. దాని నుంచి యాదృచ్ఛిక సంఖ్యలు తీసుకునేటప్పుడు కంప్యూటర్ క్షణకాలం స్తంభించేది. వినియోగదారుల ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2023లో లినక్స్ ఆ వాడకాన్నే మానివేసింది. కాగితం మీద నిర్దోషమైన కోడ్ పొలంలో దిగాక ఎలా నడుస్తుందో నడిపి చూస్తే తప్ప తెలియదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అన్నింటికీ మించి, చిప్ చూడగలిగేది తన దగ్గరకు వచ్చిన ముద్రనే. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులపై ఉన్న వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌కార్డులను చెల్లుబాటు చేయించిన ఉదంతం 2018 జూన్‌లో తెలంగాణలో వెలుగుచూసింది. యంత్రం తన సంతకం సక్రమంగానే చేస్తుంది. పెట్టింది బతికున్న వేలా కాదా అన్నది వేరే ప్రశ్న. వేలు సజీవమైనదో కాదో పసిగట్టే అదనపు పరీక్షను ఆధార్ సంస్థ 2023లో ప్రవేశపెట్టింది.

ఇక దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న సమస్యను పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే కూలీలను అడిగితే చెబుతారు. ఏళ్ల తరబడి పొలం పనిచేసి రేకలు అరిగిపోయిన వేలిని యంత్రం గుర్తించదు. అక్కడ చిప్ చెడిందీ లేదు, డ్రైవర్ తప్పిందీ లేదు. దుకాణంలో ఉన్న మనిషి రెండో వేలు పెట్టించి, అదీ కాకుంటే ఫోనుకు వచ్చే ఓటీపీతోనో కనుపాపతోనో ప్రయత్నించవలసి ఉంటుంది.