పీచు మిఠాయి కనిపెట్టింది ఒక పళ్ల డాక్టర్! మరి ఆ గులాబీ రంగు సంగతేంటి?

మొన్న మా ఊరి జాతరకి వెళ్లాను. నాతో పాటు మా అక్క కూతురు, ఆరేళ్ల పిల్ల. ఎక్కడో గంట చప్పుడు వినపడిందో లేదో, నా చెయ్యి వదిలేసి ఒకటే పరుగు. వెళ్లి చూస్తే పొడవాటి కర్రకి కట్టిన కవర్లు, వాటి నిండా పీచు మిఠాయి. "మావయ్యా, కొను" అంది. పర్సు తీశాను కానీ, ఆ రంగు చూసి ఆగిపోయా. ట్యూబ్ లైట్ కింద కవర్ మొత్తం మెరిసిపోతోంది. ఎందుకు ఆగానో తర్వాత చెప్తాను. ముందు దీని కథ వినండి, మామూలుగా ఉండదు.

దీని మెషీన్ కనిపెట్టింది ఎవరో తెలుసా? పళ్ల డాక్టర్! నిజంగానే. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం, నాష్‌విల్ సిటీ. అక్కడ విలియం మోరిసన్ అనే డెంటిస్ట్, జాన్ వార్టన్ అనే మిఠాయి వ్యాపారి కలిసి 1897లో ఈ మెషీన్ తయారు చేశారు. మోరిసన్ ఏదో చిన్న క్లినిక్ పెట్టుకున్న ఆయన కూడా కాదండోయ్, ఆ రాష్ట్రంలోని డెంటిస్టుల సంఘానికి ప్రెసిడెంట్‌గా చేసిన మనిషి. పగలు పళ్లు బాగుచేసి, సాయంత్రం పంచదార తినిపించాడని అక్కడ ఇప్పటికీ జోకులేస్తారు.

1904లో సెయింట్ లూయిస్‌లో ప్రపంచ స్థాయి ఎగ్జిబిషన్ జరిగింది. అక్కడ వీళ్లు దీన్ని 'ఫెయిరీ ఫ్లాస్' అనే పేరుతో, చిన్న చెక్క పెట్టెల్లో పెట్టి అమ్మారు. పెట్టె 25 సెంట్లు. చవక అనుకోకండి, ఆ ఎగ్జిబిషన్ ఎంట్రీ టికెట్టే 50 సెంట్లు. అంటే టికెట్‌లో సగం డబ్బు ఈ గాలి మిఠాయికే! అయినా ఎన్ని అమ్ముడుపోయాయో చూడండి: 68,655 పెట్టెలు. తర్వాత 1921లో న్యూ ఓర్లీన్స్‌లో జోసెఫ్ లాస్కో అనే ఆయన ఇలాంటి మెషీనే తయారు చేసి 'కాటన్ క్యాండీ' అని పేరు పెట్టాడు. ఆయన ఏం పని చేసేవాడో ఊహించండి. అవును, ఆయనా డెంటిస్టే. ఆస్ట్రేలియాలో మాత్రం ఇప్పటికీ ఫెయిరీ ఫ్లాస్ అనే అంటారు. మన హైదరాబాద్ వాళ్లకి 'బుడ్డీ కే బాల్', అంటే ముసలమ్మ జుట్టు. నాకైతే ఈ పేరే నచ్చింది.

ఇంతకీ అది పీచులా ఎలా వస్తుంది? మెషీన్ మధ్యలో చిన్న గిన్నె ఉంటుంది, దాని చుట్టూ సన్నటి రంధ్రాలు. గిన్నెలో పంచదార వేసి వేడి చేస్తూ గిర్రున తిప్పుతారు. వాషింగ్ మెషీన్ డ్రయ్యర్‌లో తడి బట్టలు తిరుగుతుంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి కదా, అలాగే కరిగిన పంచదార ఆ రంధ్రాల్లోంచి బయటికి చిమ్ముతుంది. గాలి తగలగానే వెంట్రుక కన్నా సన్నటి దారంలా గట్టిపడిపోతుంది. పటికబెల్లం అంటే నెమ్మదిగా, తీరిగ్గా స్ఫటికం కట్టిన పంచదార. పీచు మిఠాయి దానికి పూర్తిగా ఉల్టా, స్ఫటికం కట్టే టైమే దొరకని పంచదార. అందుకే నాలుక మీద పెట్టగానే మాయమైపోతుంది. గాల్లో తేమ తగిలినా కుంచించుకుపోయి జిగురుజిగురుగా అయిపోతుంది. కవర్‌లో మూతి బిగించి కట్టేది అందుకే.

ఇంకో విషయం. ఒక పెద్ద పీచు మిఠాయిలో పంచదార సుమారు 30 గ్రాములే, మిగతాదంతా గాలి. 330 ఎంఎల్ కూల్ డ్రింక్ క్యాన్‌లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి అసలు భయం పంచదారతో కాదు.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో ఫుడ్ సేఫ్టీ వాళ్లు పీచు మిఠాయిని టెస్ట్ చేస్తే అందులో రోడమిన్-బి దొరికింది. ఇది బట్టలకి, కాగితాలకి వేసే రంగు. తిండిలో కలపడానికి మన దేశంలో అనుమతి లేదు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ అనుమానాలు వచ్చాయి. వెంటనే అక్కడ అమ్మకాలు ఆపేశారు. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ స్వయంగా వీడియోలో పిల్లలకి కొనిపెట్టొద్దని చెప్పారు. ఆవిడ అప్పుడు మన తెలంగాణకి కూడా గవర్నరే. అదే నెలలో తమిళనాడు మొత్తం బ్యాన్ పెట్టింది. మార్చిలో కర్ణాటక కూడా ఈ రంగు వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. ఆంధ్రాలో కూడా శాంపిల్స్ టెస్టింగ్‌కి పంపుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి.

రంగు భయం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. మన జెమ్స్ లాంటి ఎమ్ అండ్ ఎమ్స్ తెలుసుగా? 1976లో అమెరికాలో రెడ్ నంబర్ 2 అనే ఎరుపు రంగుని బ్యాన్ చేశారు. ఎమ్ అండ్ ఎమ్స్‌లో ఆ రంగు అసలు వాడనే లేదు! అయినా జనం భయపడతారని కంపెనీ ఎర్ర గోళీలనే తీసేసింది. మళ్లీ 1987లో గానీ అవి రాలేదు. పెద్ద కంపెనీ కాబట్టి ఒక రంగు తీసేసినా బండి నడిచింది.

మరి కర్ర భుజాన వేసుకుని తిరిగే మనిషి సంగతి? జాతరలో ఆయన్ని మెల్లగా అడిగాను, "అన్నా, ఏం రంగు కలుపుతావు?" అని. చిన్న ప్లాస్టిక్ పొట్లం తీసి చూపించాడు. దాని మీద పేరు లేదు, లైసెన్స్ నంబర్ లేదు, ఏమీ లేదు. "షాపులో మిఠాయి రంగు అంటే ఇదే ఇచ్చారు" అన్నాడు. అందులో ఏముందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. తిండికి అనుమతి ఉన్న ఎరుపు రంగులు మన దేశంలో ఉన్నాయి: పొన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. వాటిక్కూడా లిమిట్ ఉంది, కేజీ మిఠాయికి 100 మిల్లీగ్రాములు. పైగా వీటిలో ఎరిత్రోసిన్‌కి అమెరికా 2025 జనవరిలో అనుమతి తీసేసింది. కానీ ఆ డబ్బా కొనాలంటే లేబుల్ చదవాలి, కాస్త ఎక్కువ డబ్బు పెట్టాలి. నా కోపం ఆయన మీద కాదు, ఆ పొట్లం చేతిలో పెట్టిన వాళ్ల మీద.

"రంగు లేకుండా చెయ్యొచ్చు కదన్నా, రుచి ఒకటే కదా?" అన్నాను. నిజమే, ఆ రంగుకి రుచేమీ ఉండదు. ఆయన నవ్వాడు. "తెల్లది కడితే పిల్లలు అటు చూడరు బాబూ. పొద్దుటి నుంచి రెండు పోతాయి, అంతే." అడిగితే కర్ర వెనక వైపు కట్టిన ఒక్క తెల్ల కవర్ తీసిచ్చాడు. మా అక్క కూతురు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మావయ్యా, ఇది దూదా?" అంది. తిన్నాక మాత్రం నాకొక్క పీచు కూడా మిగల్చలేదు.

మీ ఊళ్లో తెల్ల పీచు మిఠాయి దొరుకుతోందా? కామెంట్‌లో ఊరి పేరు రాయండి.