ఉప్పు, తుప్పు, మన సీమ లారీ

ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉండాలన్నది మన పెద్దల మాట. ఉర్దూ వాడుకలోని ‘నమక్ హలాల్’ అన్న పదంలో ఉన్నదీ ఆ భావమే. మనుషుల నడుమ ఇంతటి గౌరవం పొందిన ఉప్పు, ఇనుము దగ్గరకు వచ్చేసరికి పరమ శత్రువుగా మారుతున్నది. తెలుగులో తుప్పు అనండి, ఉర్దూలో జంగ్ అనండి, రోగం ఒక్కటే. మన కర్నూలు, కడప ప్రాంతాల లారీలు ఆ రోగానికి ఎట్లు లోనవుతున్నవి, దానిని నివారించే మార్గాలేవి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

భాషా సాహిత్యాలు బోధించే వారికి లారీలతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చు. మన తరగతి గదుల్లో డ్రైవర్ల బిడ్డలున్నారు, మెకానిక్కుల బిడ్డలున్నారు, ఉన్న నాలుగెకరాలు తాకట్టుపెట్టి ఒక్క లారీ కొన్న చిన్న యజమానుల బిడ్డలున్నారు. ఆ ఇండ్లలో పొయ్యి వెలిగేదీ, కాలేజీ ఫీజు కట్టేదీ ఆ లారీ చక్రం మీదనే. అట్టి లారీని తినివేసే తుప్పును గురించి తెలుసుకోవడం ఏ శాస్త్రం చదివే విద్యార్థికైనా అవసరమే.

సీమకు ఉప్పు వచ్చిన దారి

పూర్వం కోస్తా ఉప్పు సీమకు ఎద్దుల మీద వచ్చేది. లంబాడీలు, ఎరుకలవారు మందలుగా ఎద్దులను తోలుకొని పోయి ఉప్పు తెచ్చి, లోనాడు సరుకులు తీసుకొనిపోయేవారు. ఎద్దుకు తుప్పు పట్టదు. ఎద్దుల స్థానాన్ని లారీ ఆక్రమించిన తరువాతనే ఈ సమస్య మన గడప త్రొక్కింది.

నేడు మన లారీలు సముద్రతీరానికి పోవడం నిత్యకృత్యం. ఓబులవారిపల్లె సమీపంలోని మంగంపేట ముగ్గురాయి ఓడరేవులకు పోతుంది. బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు నలుదిక్కులకూ పోతున్నవి. ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలుల మీదుగా నెల్లూరు దాటి కృష్ణపట్నం చేరే 67వ నంబరు జాతీయ రహదారి సీమను సముద్రంతో కలుపుతున్నది. 2008లో కృష్ణపట్నం రేవు కొత్త రూపుతో తెరచుకున్నది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం నష్టం గనుక ఎరువులో, ఇస్కపల్లి, చినగంజాం కొఠారుల ఉప్పో, దొరికిన కిరాయి ఏదైనా సరే ఎత్తుకొని రావలసిందే. ఈ తిరుగు ప్రయాణంలోనే శత్రువు లారీ ఎక్కుతున్నాడు.

తుప్పు అనగా ఏమి?

ఇనుము భూమిలో ఎక్కువగా ఆక్సిజన్‌తో కలిసిన ఖనిజంగా దొరుకుతుంది. కొలిమిలో ఎంతో వేడి వెచ్చించి ఆ ఆక్సిజన్‌ను విడదీస్తే ఇనుము చేతికి వస్తుంది. బలవంతాన విడదీసిన ఆ ఇనుము అవకాశం దొరికినప్పుడల్లా తిరిగి పాత స్థితికి పోజూస్తుంది. తుప్పు అనగా ఆ తిరుగు ప్రయాణమే.

ఇందుకు గాలి ఒక్కటే చాలదు, నీరు ఒక్కటే చాలదు, రెండూ కలవాలి. ఇనుముపై తడి పొర నిలిచినప్పుడు అది ఒక చిన్న బ్యాటరీ వలె పనిచేస్తుంది. ఒకచోట ఇనుము కరిగి నీటిలోకి పోతుంది. మరొకచోట గాలిలోని ఆక్సిజన్ ఆ చర్యను పూర్తిచేస్తుంది. ఈ రెండు చోట్ల మధ్య విద్యుత్తు ప్రవహించడానికి ఆ తడియే దారి. ఇట్లు ఏర్పడిన తుప్పు, కరిగిన ఇనుము కంటె కొన్ని రెట్లు అధికంగా చోటు ఆక్రమిస్తుంది. అందుచేత రెండు రేకుల నడుమ పట్టిన తుప్పు వాటిని ఎడంగా నెట్టి, రివెట్లను సైతం లాగివేయగలదు.

ఇందులో ఉప్పు పాత్ర ఏమి? మొదటిది, ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. రెండవది, ఉప్పులోని క్లోరైడు ఇనుముపై ఏర్పడే పలుచని రక్షణ పొరను ఛేదిస్తుంది. మూడవది, వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమర్చడం మనమందరం చూసినదే; ఉప్పు గాలిలోని తేమను తనలోకి లాగుకొంటుంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే చెమరుస్తుంది. ముతక ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు సుమారు 33 శాతం తేమయే చాలు. అనగా, మనకు పొడిగా తోచే రోజున సైతం ఉప్పు అంటిన ఇనుము తడిగానే ఉండవచ్చు.

వీటన్నిటిని మించిన సంగతి మరొకటున్నది. ఈ చర్యలో క్లోరైడు చాలావరకు ఖర్చు కాదు. ఇనుమును కరిగించి, తుప్పుగా మార్చి, తాను విడివడి మరల కొత్త ఇనుము మీదికి పోతుంది. వడ్డీ వ్యాపారి అసలు చెక్కుచెదరనట్లే ఉప్పు కూడా అట్లే నిలిచి ఉంటుంది. దానిని కడిగి బయటికి పంపనంత కాలం ఆ వడ్డీ లారీ కట్టవలసిందే.

సీమ ఎండ: రక్షణయా, భ్రమయా?

మనది ఎండదేశం, మన బండికి తుప్పేమిటి అన్న ధీమా మన ప్రాంతంలో కద్దు. అందులో సగం సత్యమున్నది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలలో తుప్పు దాదాపు నిలిచిపోతుంది. కాని నిలవడం వేరు, నయం కావడం వేరు. ఎండ తడిని తీసివేస్తుందే గాని ఉప్పును తీసివేయదు. ఛాసీ మడతల్లో, బాడీ అడుగున దాగిన ఉప్పు తొలి వాన కోసం కాచుకొని ఉంటుంది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు కడప వైపు తెచ్చే వానలు, చలికాలపు తెల్లవారుజాముల మంచు దానిని మేల్కొల్పుతవి.

ఇక మన నేల సంగతి. సీమలో చౌడు నేలలు తక్కువ కావు. చౌడులో ఉన్నవి లవణాలే. ఆ బురద చక్రాల నుంచి ఎగిరి ఛాసీకి అంటి, పైన ఎండి, లోపల చెమ్మగా రోజుల తరబడి నిలుస్తుంది. చాలా గ్రామాలలో బోరు నీరు కూడా ఉప్పనిదే. అట్టి నీటితో లారీని కడిగి ఎండలో నిలిపితే నీరు ఆవిరై లవణం మిగులుతుంది. శుభ్రం చేశామన్న తృప్తి మనకు, మేత దొరికిన సంతోషం తుప్పుకు.

ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏండ్లుగా తుప్పు తినకుండా నిలవలేదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ఇనుములో భాస్వరం అధికంగా ఉండుటవల్ల దాని మీద గట్టి రక్షణ పొర ఏర్పడిందని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. భాస్వరం ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది గనుక నేటి ఛాసీ ఉక్కులో దానిని తగ్గించి ఉంచుతారు. కావున స్తంభాన్ని చూచి లారీ ధైర్యం తెచ్చుకోరాదు.

తుప్పు దాగే చోట్లు

పైకి కనబడే తుప్పు కంటె కనబడనిదే ప్రమాదకరం. ఛాసీ పొడుగు దూలాలకు అడ్డ దూలాలు కలిసే చోట్లు, కమాన్ పట్టీల నడుమ సందులు, యూ బోల్టుల మరలు, క్యాబిన్ మెట్ల అడుగుభాగం, డీజిల్ ట్యాంకును పట్టి ఉంచే పట్టీలు, బ్యాటరీ పెట్టె, బాడీ పలకల క్రింది ఇనుము, ఇవన్నీ పరీక్షించవలసిన స్థలాలు. మన లారీల బాడీలు విజయవాడ ఆటోనగర్‌లోనో, నామక్కల్‌లోనో, మరేదైనా షెడ్డులోనో చేతితో కట్టేవి. కర్మాగారం నుంచి వచ్చిన క్యాబిన్‌ను ప్రైమరు తొట్టిలో ముంచి తీసి ఉంటారు గాని, బాడీ వెల్డింగు అతుకులకు అట్టి రక్షణ లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీలలో సెన్సార్లు, వైర్ల కనెక్టర్లు ఎక్కువ. ఉప్పు చెమ్మ వాటిని కూడా పాడుచేస్తుంది.

ఎయిర్ బ్రేకు ట్యాంకులలో గాలితోపాటు నీరు కూడా చేరుతుంది. ప్రతి దినం అడుగు మరను తెరచి ఆ నీటిని వదలకపోతే ట్యాంకు లోపలి నుంచే తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడి వాల్వులలోకి పోతుంది. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లోనో, రాపూరు ఘాట్‌లోనో నిండు లోడుతో దిగుతున్న లారీకి బ్రేకు తప్పితే ఏమగునో చెప్పనక్కరలేదు. తుప్పు విషయం కేవలం డబ్బు విషయం కాదనుటకు ఇదొక్కటి చాలు.

నివారణ మార్గాలు

మొదటిది, ఉప్పును ఇనుముకు అంటనీయకపోవడం. ఉప్పు, పొటాషు వంటివి ఎత్తేముందు బాడీలో మందమైన ప్లాస్టిక్ పట్టా పరచి అంచులు పైకి మడవాలి. పైన టార్పాలిను గట్టిగా కట్టాలి. లోపలి సరుకు తడిస్తే ఆ ఉప్పునీరు పలకల సందుల నుంచి నేరుగా ఛాసీ మీదికే కారుతుంది.

రెండవది, కడగడం. ఇది అన్నిటికన్న చౌకైనది, అన్నిటికన్న ముఖ్యమైనది. తీరం నుంచి గాని, ఉప్పు లోడు దింపి గాని వచ్చిన వెంటనే, ఆలస్యం చేయక, ముందు ఊడ్చి తరువాత అడుగు భాగమంతా ధారాళంగా కడగాలి. బోరు నీరు ఉప్పనిదైతే చివరి ధార అయినా మంచినీటితో పోయాలి. ఛాసీలో నీరు పోవుటకు ఉంచిన రంధ్రాలు మట్టితో మూసుకుపోతే తీగతో తెరవాలి. కడిగిన పిమ్మట కొంత దూరం నడిపి ఆరనీయాలి. అయితే కె.సి. కాలువలోనో, ఊరి చెరువులోనో లారీని దింపి కడగడం తగదు. మన గ్రీజు, డీజిల్ దిగువ రైతు పొలానికి, పశువుల నోటికి పోతవి.

మూడవది, రంగు. తుప్పు మీదనే రంగు పూయించడం కుళ్లిన గోడకు సున్నం కొట్టడం వంటిది. రంగు క్రింద చిక్కిన ఉప్పు, ముందు చెప్పినట్లు, ఖర్చు కాక లోలోపల పని సాగిస్తుంది. కొన్నాళ్లకు రంగు పొక్కులెక్కుతుంది. కావున ముందుగా వైరు బ్రష్షుతో వదులు తుప్పు గీకి, నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఇనుము తళతళలాడే రోజుననే జింక్ ఫాస్ఫేటు కలిసిన రెడ్ ఆక్సైడు ప్రైమరు పూయాలి. అంచుల వద్ద రంగు పలుచబడుతుంది గనుక అక్కడ అదనంగా ఒక చేయి వేయాలి. దాని మీదనే రెండు చేతుల రంగు. పూర్వం వాడిన సీసపు సిందూరం విషపదార్థం. పాత బండి రంగు గీకే పనివారు ముక్కుకు, నోటికి రక్షణ లేకుండా ఆ పని చేయరాదు.

నాలుగవది, నూనె, మైనం. రంగు చేరని బోలు భాగాలకు తుప్పు నిరోధక మైనపు నూనె చల్లవచ్చు. గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు ఇట్టి నూనెలలో వాడతారు. మన కాపరుల గొంగడి వాన తుంపరను ఓర్చుకొనుటలో ఆ కొవ్వుకూ కొంత పాలున్నది. కాలిపోయిన ఇంజను ఆయిలు చల్లడం మన షెడ్లలో అలవాటు. అది రబ్బరు బుష్షులను ఉబ్బించి చెడగొడుతుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, నేలను పాడుచేస్తుంది. అందుచేత మానుకొనుట మేలు.

ఐదవది, జింకు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగి రేకును కాపాడుటకు జింకు, ఇనుము ముక్కలను దానికి జతపరచాడు. ఆ ముక్కలు తాము కరుగుతూ రాగిని కాపాడినవి. 1837లో ఫ్రాన్సు దేశస్థుడు సోరెల్ ఇనుముకు జింకు పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే ఓడ నిరంతరం నీటిలో ఉంటుంది, లారీ ఉండదు. కావున ఎక్కడో ఒక మూల బిగించిన జింకు బిళ్ల మొత్తం లారీని కాపాడజాలదు. జింకు ఇనుము అంతటా పూతగా ఉంటేనే ఫలం.

పరదేశపు పాఠం

మంచు కురిసే దేశాలలో ఈ సమస్య ఇంకా తీవ్రం. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. తగిన పాళ్లలో కలిస్తే సున్నాకు దిగువ 21 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, ముఖ్యంగా రెండవ ప్రపంచయుద్ధం తరువాత, అమెరికాలో శీతాకాలపు రోడ్లపై ఉప్పు చల్లడం విస్తరించింది. జారిపడే ప్రమాదం తగ్గింది. వాహనాలకు తుప్పు పెరిగింది. డెట్రాయిట్, షికాగో ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగువారు చలికాలమంతా బండి అడుగు భాగాన్ని మాటిమాటికీ కడిగించుకోవడం అందువల్లనే. అక్కడ ఉప్పు రోడ్డు మీద ఉన్నది. ఇక్కడ లోడులోను, తీరపు గాలిలోను, చౌడు బురదలోను ఉన్నది. మందు మాత్రం రెండు చోట్లా ఒక్కటే: కడుగు, ఆరబెట్టు, పూత వెయ్యి, మరల పరీక్షించు.

ఆ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. చిన్న సుత్తితో ఛాసీని తట్టి చూస్తే గట్టి ఇనుము ఖణీమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుబారుతుంది, రేకులు రాలుతవి. అట్టి చోట పైన ఒక ప్లేటు వెల్డింగు చేయించి మరుగుపరచడం ఆత్మవంచన. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనానికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష కావలెనని నిబంధన ఉన్నది. సర్టిఫికెట్టు కాగితానికే గాని ఇనుముకు బలమివ్వదు. సంవత్సరానికి ఒక దినం అధికారి చూస్తాడు. తక్కిన దినాలలో చూడవలసినవారు డ్రైవరు, క్లీనరు, యజమాని.

క్లీనరు అన్న పేరును మనం చులకనగా పలుకుతాం. బండిని శుభ్రంగా ఉంచేవాడన్నదే ఆ పేరుకు అర్థం. పై వివరణను బట్టి చూస్తే లారీ ఆయువు అతని చేతిలోని నీటి గొట్టంలోనే ఉన్నది. ఆ పనికి తగిన సమయం, తగిన కూలి ఇచ్చిన యజమాని తన బండినే గాక, దానిలో కూర్చున్న ఇద్దరి ప్రాణాలను, ఎదురుగా వచ్చే తెలియనివారి ప్రాణాలను కూడా కాపాడినవాడవుతాడు. ఈ నాలుగు మాటలు మన విద్యార్థులు ఇంటికి తీసుకొనిపోయి తమ తండ్రులకు, అన్నలకు చదివి వినిపించగలరని ఆశిస్తున్నాము.