నర్సింగ్ హోమ్‌లో అన్యాయం: ఫిర్యాదు ఎక్కడ, దావా ఎప్పుడు

1965 వలస చట్టం తర్వాత అమెరికా వచ్చిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లలో చాలామంది ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. ఆ తర్వాతి తరం గ్రీన్‌కార్డు ఇప్పించి తెచ్చుకున్న అమ్మానాన్నలూ ఆ వయసుకే చేరారు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రి నుంచి రిహాబ్‌కు వెళ్ళినవాళ్ళు కొందరు, డిమెన్షియా ముదిరి ఇంట్లో చూసుకోవడం ఎవరివల్లా కాక నర్సింగ్ హోమ్‌లో చేరినవాళ్ళు కొందరు. దేశం మొత్తం మీద సుమారు 15 వేల నర్సింగ్ హోమ్‌లు ఉన్నాయి. వాటిలో దాదాపు 12 లక్షల మంది ఉంటున్నారు. ఆ లెక్కలో మనవాళ్ళూ ఉన్నారు.

మన సభల్లో ఈ ప్రస్తావన రాదు. "వాళ్ళమ్మను హోమ్‌లో పెట్టారట" అన్న మాటకే తల దించుకునే ఇంట్లో, అక్కడ అమ్మ ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించిందని నలుగురికీ చెప్పుకోవడం ఇంకా కష్టం. గట్టిగా అడిగితే ఆ కోపం ఆవిడ మీద తీర్చుకుంటారేమోనన్న భయం ఒకటి. ఈ మొహమాటం, ఈ భయం కలిసి మేలు చేసేది యాజమాన్యానికే.

ఇలాంటి సమయంలో ముందుగా తెలియాల్సింది ఫిర్యాదు వేరు, దావా వేరు అన్న సంగతి. ఫిర్యాదు ఇవాళ అమ్మను కాపాడటానికి. దావా జరిగిన నష్టానికి జవాబు చెప్పించడానికి. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేయకూడదు. పైగా ఫిర్యాదులో పుట్టిన కాగితాలే చాలాసార్లు దావాకు బలం.

ఏది అన్యాయం కిందికి వస్తుంది

కొట్టడం, తిట్టడం, లైంగికంగా వేధించడం అందరికీ తెలిసినవే. చట్టం దృష్టిలో నిర్లక్ష్యం కూడా అంతే తప్పు: గంటల తరబడి తడిసిన డైపర్‌లోనే ఉంచడం, పక్కకు తిప్పకపోవడంతో పడక పుండ్లు పడటం, మంచినీళ్ళు అందించకపోవడం, పడిపోయే ప్రమాదం ఉందని తెలిసీ కనిపెట్టుకోకపోవడం. చేతి గాజులు మాయం కావడం, చెక్కుల మీద సంతకాలు చేయించుకోవడం దోపిడీ కిందికి వస్తాయి. వైద్య అవసరం లేకుండా, సిబ్బందికి పని తేలిక కావడం కోసం మత్తు మందులిచ్చి పడుకోబెట్టడం కూడా నిషిద్ధమే. మందులతో కట్టిపడేయడమంటే అదే.

ఈ హక్కులకు మూలం 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ప్రతి హోమ్ దీనికి లోబడాలి. అసిస్టెడ్ లివింగ్ సంగతి వేరు. వాటికి ఇలాంటి సమాఖ్య చట్టం లేదు, రాష్ట్ర చట్టాలే దిక్కు. అందుకని అమ్మ ఉన్న చోటికి ఏ లైసెన్సు ఉందో ముందు తెలుసుకోవాలి.

"పెద్దవయసు కదండీ, చర్మం పలచన, ముట్టుకుంటే కములుతుంది" అని సిబ్బంది అంటారు. కొన్నిసార్లు అది నిజం కూడా. నిజమో కాదో తేల్చేది రికార్డులే. నెలనెలా బరువు ఎంత తగ్గింది, పుండు ఏ రోజు మొదలైంది, ఏ దశకు చేరింది, కేర్ ప్లాన్‌లో ఏం రాసుకున్నారు, ఏం చేశారు అన్నవి ఫైలులో ఉండాలి.

మొదటి రెండు రోజులు

ప్రాణానికి ముప్పు ఉంటే, దాడి జరిగినట్టు అనుమానముంటే 911. హోమ్ డాక్టరు మాటతో సరిపెట్టుకోకుండా బయటి ఆసుపత్రిలో చూపించాలి. అక్కడి ఎమర్జెన్సీ నోట్సు హోమ్‌తో సంబంధం లేని సాక్ష్యం. గాయాన్ని తేదీ తెలిసేలా ఫొటో తీయాలి. అమ్మ చెప్పిన మాటలు తెలుగులో ఎలా చెప్పిందో అలాగే రాసిపెట్టాలి. ఆ షిఫ్టులో ఎవరున్నారో, ఎవరితో ఏం మాట్లాడారో అదే పుస్తకంలో ఎక్కించాలి.

రికార్డులు అడగడం హక్కు. సమాఖ్య నిబంధనల ప్రకారం, సెలవులు మినహాయిస్తే, అడిగిన 24 గంటల్లో ఫైలు చూపించాలి. రెండు పనిదినాల్లో నకళ్ళు ఇవ్వాలి, ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. అడిగేది నోటితో కాదు, రాతపూర్వకంగా. అమ్మ స్పృహలో, వివేకంతో ఉంటే ఆవిడ సంతకం చాలు. లేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ గానీ, కోర్టు నియమించిన గార్డియన్ గానీ ఉండాలి. కన్నబిడ్డ అయినంత మాత్రాన ఈ అధికారం దానంతట అది రాదు.

ఫిర్యాదు ఎవరికి

హోమ్ మీద కూడా బాధ్యత ఉంది. హింస జరిగిందని ఆరోపణ వచ్చినా, తీవ్రమైన గాయమైనా 2 గంటల్లో, మిగతావి 24 గంటల్లో రాష్ట్ర అధికారులకు తెలియజేయాలి. విచారణ ఫలితం అయిదు పనిదినాల్లో ఇవ్వాలి. 2010 ఎల్డర్ జస్టిస్ చట్టం ప్రకారం, నేరం జరిగిందన్న అనుమానం కలిగిన ఉద్యోగి ఎవరైనా పోలీసులకూ చెప్పి తీరాలి. "ఎప్పుడు రిపోర్టు చేశారు?" అన్న ఒక్క ప్రశ్న మేనేజరుకు ఇబ్బంది కలిగించేది ఇందుకే.

మనం వెళ్ళాల్సిన తలుపులు నాలుగు.

రాష్ట్ర ఆరోగ్య శాఖలోని తనిఖీ విభాగం మొదటిది. హోమ్‌కు వెళ్ళి విచారించే అధికారం వీళ్ళది. తప్పు తేలితే నమోదు చేస్తారు, జరిమానాకు దారి తీస్తారు. ఆ నివేదికలు మెడికేర్ వారి కేర్ కంపేర్ సైటులో అందరికీ కనిపిస్తాయి. హింస కేసులో తప్పు పట్టిన హోమ్‌ల పేరు పక్కన 2019 నుంచి ఎర్రటి గుండ్రంలో అరచేయి గుర్తు పెడుతున్నారు. హోమ్ ఎంచుకునేటప్పుడే చూడాల్సిన గుర్తు అది.

రెండోది లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్. 1972లో ప్రయోగంగా మొదలై, 1978 నుంచి ప్రతి రాష్ట్రంలో తప్పనిసరి అయిన ఏర్పాటు ఇది. ఉచితం, గోప్యం. ఈయన పిల్లల తరఫు కాదు, హోమ్ తరఫు కాదు, అమ్మ తరఫు. "గొడవ వద్దు నాయనా" అని అమ్మ అంటే ఆవిడ మాటే చెల్లుతుంది. దగ్గర్లోని ఆంబుడ్స్‌మన్ ఎవరో తెలియకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబరు 1-800-677-1116కు ఫోన్ చేసి అడగవచ్చు.

మూడోది అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్. కొన్ని రాష్ట్రాల్లో హోమ్‌లలో జరిగినవీ చూస్తుంది, కొన్నిటిలో ఇళ్ళలో జరిగినవే చూస్తుంది. నాలుగోది చాలామందికి తెలియనిది, మెడికెయిడ్ ఫ్రాడ్ కంట్రోల్ యూనిట్. ఎక్కువగా రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఉంటుంది. పేరులో మోసం అని ఉన్నా, నర్సింగ్ హోమ్‌లలో జరిగే హింస, నిర్లక్ష్యం మీద క్రిమినల్ విచారణ కూడా దీని పనే.

ఫిర్యాదు చేస్తే గెంటేస్తారన్న భయానికి చట్టంలో జవాబుంది. కక్షసాధింపు నిషిద్ధం. ఆరు కారణాలకు తప్ప ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చేయించాలన్నా మామూలుగా 30 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. దాని మీద అప్పీలుకు వెళ్ళవచ్చు.

ఒక కుటుంబం సుప్రీంకోర్టు దాకా

ఇండియానా రాష్ట్రంలో గోర్గీ టలెవ్‌స్కీ అనే పెద్దాయన డిమెన్షియాతో 2016లో కౌంటీకి చెందిన ఒక నర్సింగ్ హోమ్‌లో చేరారు. చేరేనాటికి నడిచేవారు, మాట్లాడేవారు, తన అన్నం తనే తినేవారు. కొద్ది నెలల్లోనే తినడం కూడా చేతకాకుండా పోయింది. జబ్బు ముదిరిందని హోమ్ చెప్పింది. కుటుంబం బయటి డాక్టర్లకు చూపిస్తే ఆయనకు ఆరు రకాల బలమైన మానసిక మందులు వేస్తున్నట్టు తేలిందని, ఆ తర్వాత ఇంటికి దూరంగా వేరే చోటికి తరలించడానికీ పూనుకున్నారని కుటుంబం వాదన.

వాళ్ళు ముందు రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేశారు. 2019లో దావా వేశారు. 2021లో ఆయన చనిపోయినా కేసు ఆగలేదు. 2023 జూన్ 8న సుప్రీంకోర్టు 7-2 తేడాతో తీర్పు చెప్పింది. ప్రభుత్వ హోమ్‌లలో 1987 చట్టపు హక్కులకు భంగం కలిగితే, పౌరహక్కుల చట్టం కింద నేరుగా సమాఖ్య కోర్టుకు వెళ్ళవచ్చని జస్టిస్ కేటాంజీ బ్రౌన్ జాక్సన్ రాశారు. ప్రైవేటు హోమ్‌లకు ఈ దారి వర్తించదు. అక్కడ రాష్ట్ర చట్టమే ఆధారం.

లాయరు దగ్గరికి

తెలిసిన లాయరని వీలునామా రాసిన ఆయన దగ్గరికో, ఇమిగ్రేషన్ చూసిన ఆవిడ దగ్గరికో వెళ్ళడం మనవాళ్ళ అలవాటు. ఎల్డర్ లా లాయర్లలో ఎక్కువమంది చూసేది మెడికెయిడ్, ట్రస్టులు. ఇక్కడ కావాల్సింది నర్సింగ్ హోమ్ కేసులు నడిపిన పర్సనల్ ఇంజరీ లాయరు. స్టేట్ బార్ వారి రెఫరల్ సర్వీసులో ఇలాంటివారు దొరుకుతారు. ఖాళీ చేయిస్తున్నారనో, మెడికెయిడ్ ఆపేశారనో అయితే, ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద 60 దాటినవారికి ఉచిత న్యాయసహాయం కూడా ఉంది.

గాయాల కేసుల్లో లాయర్లు ఫీజు ముందు అడగరు. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా తీసుకుంటారు, మామూలుగా మూడో వంతు నుంచి 40 శాతం దాకా. ఓడిపోతే నిపుణుల ఖర్చులు ఎవరివో, వాటా లెక్కగట్టేది ఖర్చులు తీసేశాకో తీయకముందో సంతకం పెట్టేముందే అడగాలి. వచ్చిన డబ్బులోంచి మెడికేర్, మెడికెయిడ్ వైద్యానికి పెట్టింది తిరిగి తీసుకుంటాయన్నదీ లెక్కలో ఉండాలి.

కేసు తీసుకోనని లాయరు అంటే అన్యాయం జరగలేదని కాదు. ఎనభై ఏళ్ళ మనిషికి పోయిన జీతం ఉండదు. బాధకు ఇచ్చే పరిహారానికి టెక్సాస్ వంటి చోట్ల పరిమితి ఉంది, ఒక హోమ్‌పై 2,50,000 డాలర్లు. నిపుణులకే వేల డాలర్లు అవుతాయి. దీనికి విరుగుడుగా కాలిఫోర్నియా, ఇల్లినాయ్, న్యూజెర్సీ చట్టాలు గెలిచినవారి లాయరు ఫీజు కూడా హోమ్ చేత కట్టించే వీలు కల్పించాయి. ఒకరు కాదంటే మరొకరిని అడగాలి.

కోపం ముందుగా పోయేది పక్క మార్చని నర్సింగ్ అసిస్టెంటు మీదికి. మంచి లాయరు అడిగేది ఆ రాత్రి ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉన్నారని. ప్రతి హోమ్ రోజువారీ సిబ్బంది లెక్కలను జీతాల రికార్డుల ఆధారంగా మెడికేర్ శాఖకు పంపాలి. అవి బహిరంగంగా దొరుకుతాయి. ఒక్కొక్కరికి రోజుకు కనీసం 3.48 గంటల సేవ అందాలని 2024లో సమాఖ్య ప్రభుత్వం తెచ్చిన నిబంధనను 2025లో టెక్సాస్‌లోని సమాఖ్య కోర్టు కొట్టేసింది. కనీస సంఖ్య లేనిచోట, ఇంత తక్కువమందితో నడపడమే నిర్లక్ష్యమని కేసు కేసుకీ నిరూపించుకోవాలి.

సంతకం, గడువు

చేర్చుకునే రోజు ఇచ్చే కాగితాల కట్టలో చాలాసార్లు ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉంటుంది. సంతకం పెడితే జ్యూరీ ముందుకు వెళ్ళే హక్కు వదులుకున్నట్టే. 2019 నిబంధనల ప్రకారం ఆ సంతకం పెడితేనే చేర్చుకుంటామనకూడదు. పెట్టినా 30 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. దాన్ని ఆ మనిషికి అర్థమయ్యే భాషలో వివరించాలి కూడా. తెలుగు తప్ప రాని అమ్మకు ఇంగ్లీషు కాగితం ఇచ్చి వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేయించుకుంటే, లాయరుకు ఆ సంగతి మొదటే చెప్పాలి. పవర్ ఆఫ్ అటార్నీతో పిల్లలు పెట్టే సంతకానికీ బలముంటుందని 2017లో కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు సూచించింది. అందుకే ఆ పత్రం రాయించేటప్పుడే ఈ అధికారం ఇవ్వాలా వద్దా తేల్చుకోవాలి. "రెస్పాన్సిబుల్ పార్టీ" అన్న గీత మీద సంతకానికీ ఇదే జాగ్రత్త. పిల్లల్ని సొంత ఆస్తితో హామీ ఉండమని హోమ్ పట్టుబట్టకూడదు.

గడువు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. టెక్సాస్, న్యూజెర్సీలలో సాధారణంగా 2 ఏళ్ళు, టెన్నెసీలో వైద్య నిర్లక్ష్యం కేసుకు ఒక్క ఏడాదే. హోమ్ కౌంటీదైతే దావాకు ముందు ఇవ్వాల్సిన నోటీసుకు న్యూజెర్సీలో 90 రోజులే. అమ్మ చనిపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఆ క్షణం నుంచే చెల్లదు. ఎస్టేట్‌కు ప్రతినిధిని కోర్టు నియమించాలి. ఫిర్యాదు విచారణలో ఉంది కదా అని దావా గడువు ఆగదు. కర్మకాండలు, అస్థికల నిమజ్జనం, ఇండియా ప్రయాణం అయ్యాక చూద్దామనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

మన భాష, మన సంఘాలు

డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం డాక్టర్లు తరచూ చూసే విషయం. నలభై ఏళ్ళు ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన నాన్న చివరికి తెలుగులోనే "నొప్పిరా" అంటారు. అది అర్థంకాని సిబ్బంది "ఆందోళన" అని రాసుకుని మందు వేస్తారు. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే హోమ్ ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలన్నది పౌరహక్కుల చట్టం. అడిగి మరీ కేర్ ప్లాన్‌లో రాయించాలి. వీసా మీద వచ్చినవారైనా, గ్రీన్‌కార్డు వారైనా ఫిర్యాదుకు గానీ, గాయాల దావాకు గానీ ఇమిగ్రేషన్ స్థితి అడ్డు కాదు. టెక్సాస్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో, గదిలో ఉన్న రెండో మనిషి ఒప్పుకుంటే కెమెరా పెట్టుకోవచ్చు.

సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. ఇమిగ్రేషన్, టాక్స్ సదస్సుల పక్కన నర్సింగ్ హోమ్ హక్కుల మీద ఒక గంట కేటాయించవచ్చు. ఆంబుడ్స్‌మన్ కార్యక్రమాలు స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇస్తాయి. ఊరికి ఇద్దరు తెలుగువాళ్ళు ఆ శిక్షణ తీసుకుంటే, నెలకోసారి గదిగదికీ వెళ్ళి తెలుగులో "తిన్నావా అమ్మా, ఎవరైనా ఏమన్నారా?" అని అడిగే అధికారిక మనిషి దొరుకుతాడు. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా వచ్చి అడిగే మనిషి జోలికి వెళ్ళడానికి హోమ్ సిబ్బంది జంకుతారు. లాయరు అవసరం రాకుండా చూసే పని అక్కడే మొదలవుతుంది.